బిగింపు చూడకముందే పెట్టిన సంతకం

నేను చూడని పనిని చూశానని సంతకం పెట్టాను. పెట్టే సమయానికి ఆ పని ఇంకా జరగనే లేదు. కోవిడ్ కట్టడులు తొలగి, మా తెలుగు చర్చిలో జనం మళ్ళీ ఒకచోట కూర్చున్న మొదటి గుడ్ ఫ్రైడే అది. ఉదయం పదీ యాభై. మిషిగన్‌లో, డెట్రాయిట్‌కు దక్షిణంగా నది వెంబడి ఉన్న ఒక ట్యాంక్ కార్ మరమ్మతు షాపులో నేను అప్పుడు సీనియర్ వాల్వ్ ఇన్‌స్పెక్టర్‌ని. రిటైర్మెంట్‌కు ఏడాదిన్నర ఉంది.

రైళ్ళకు తగిలించే ట్యాంకర్ వ్యాగన్లను అమెరికాలో ట్యాంక్ కార్లు అంటారు. మా షాపులో ఉత్త ‘కార్’ అనేవాళ్ళం. వంటనూనె మోసేవి మా దగ్గరకు రావు. క్లోరిన్, అమ్మోనియా మోసేవి వస్తాయి. కొన్నేళ్ళకోసారి ప్రతి కారునూ కడిగి, ఆరబెట్టి, పైనున్న వాల్వులన్నీ ఊడదీసి, బాగుచేసినవి బిగించి, పరీక్షించి పంపాలి. వాల్వుల పని నేను కాకినాడలో ఒక ఎరువుల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా నేర్చుకున్నాను. గల్ఫ్‌లో ఆరేళ్ళు చేశాను. అమెరికా వచ్చాక చివరిదాకా అదే చేశాను. నా పేరు యేసురత్నం. షాపులో అది ఎవరి నోటా తిరగక ‘రే’ అయింది. తెలుగువాళ్ళకు మాత్రం రత్నం అంకుల్‌ని.

ఆ రోజు మా ముందున్నది క్లోరిన్ కారు. ఊళ్ళకు వెళ్ళే మంచినీళ్ళను శుద్ధి చేయడానికి వాడే క్లోరిన్ ఇలాంటి కార్లలోనే ప్రయాణిస్తుంది, ఒత్తిడి కింద ద్రవంగా. కారు నడినెత్తిన మందపాటి ఉక్కు మూత, దాని మీద అయిదు వాల్వులు ఉంటాయి. మధ్యలోది లోపల ఒత్తిడి హద్దు దాటితే తనంతట తాను తెరుచుకునేది. కారు పొడవున ఉన్న రెండింటి గుండా ద్రవం, అడ్డంగా ఉన్న రెండింటి గుండా వాయువు నడుస్తాయి. ప్రతి వాల్వుకూ, మూతకూ మధ్య సందు మూయడానికి గాస్కెట్ అనే ఒక మెత్తని రింగు వేసి, చుట్టూ నట్లు బిగిస్తాం.

కొత్త గాస్కెట్‌తో ఒక చిక్కుంది. ఎంత సరిగ్గా బిగించినా, ఆ ఒత్తిడికి అది కొద్దికొద్దిగా అణిగి కూర్చుంటుంది. అది అణిగిన మేరకు నట్ల బిగువు తగ్గుతుంది. అందుకని మా పద్ధతి ప్రకారం, మొదటి బిగింపు అయ్యాక కనీసం నాలుగు గంటలు ఆగాలి. తర్వాత టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచ్‌తో, ప్రతి నట్టునూ మళ్ళీ బిగించాలి. దీన్ని రీటార్క్ అంటారు. ఆపైన లోపల పొడి గాలి నింపి, అతుకుల మీద సబ్బు నీళ్ళు పోసి, బుడగలు వస్తున్నాయేమో చూడాలి. టెక్నీషియన్ చేస్తాడు. ఇన్‌స్పెక్టర్ పక్కన నిలబడి చూస్తాడు. కారుతోపాటు షాపంతా తిరిగే కాగితాన్ని ట్రావెలర్ అంటారు. అందులో ఆఖరి గీత ఈ పనిదే. ముందు టెక్నీషియన్ పొడి అక్షరాలు, వాటి పక్కన ఇన్‌స్పెక్టర్ సంతకం.

ఆ ఉదయం తొమ్మిదిన్నరకు మొదటి బిగింపు అయింది. అంటే రీటార్క్ ఒంటిగంటన్నరకు ముందు కుదరదు. చర్చిలో ఆరాధన పన్నెండింటికి మొదలై మూడింటి వరకు సాగుతుంది. సిలువ మీది ఏడు మాటలను ఏడుగురు పంచుకుని మాట్లాడతారు. నా వంతుకు ఆరోది, పని ముగిసిందని చెప్పే మాట, వచ్చింది. రెండో ఇన్‌స్పెక్టర్ ఫిబ్రవరిలో మానేశాడు, ఆ స్థానం ఖాళీగా ఉంది. సాయంత్రం ఆరింటికి రైల్వే ఇంజన్ వచ్చి కార్లను లాక్కుపోతుంది. ఈ కారు ఆ ఇంజన్‌తో వెళ్తుందని మా ప్లాంట్ మేనేజర్ గ్రెగ్ కస్టమర్‌కు మాట ఇచ్చాడు.

గ్రెగ్ దగ్గరకు వెళ్ళి, సోమవారం పంపుదాం అని ఒక్క మాట అంటే సరిపోయేది. అతను కాదనేవాడు కాదు. కాని నా వల్ల ఏ కారూ ఒక్కరోజు ఆలస్యం కాలేదన్న పేరు నాకుంది, దాన్ని నేను బాగా ప్రేమించాను. ఆఖరి గీతలో నా సంతకం ముందే పెట్టేసి, టెక్నీషియన్ చోటు ఖాళీగా వదిలి బయల్దేరాను. ఆరాధన అవగానే రెండో షిఫ్ట్ టెక్నీషియన్ డేల్‌కు ఫోన్ చేసి, రీటార్క్ చేయించి, రీడింగులు చెప్పించుకోవాలని నా ఉద్దేశం. అలా ముందే సంతకం పెట్టడం అది మొదటిసారి కాదని కూడా ఇక్కడే రాయాలి.

మూడు దాటాక చర్చి బయట రెండేళ్ళుగా చూడని మొహాలు. చేతులు కలిపి, పిల్లలు ఎంత ఎదిగారో చూసి, కాఫీ తాగి ఇంటికొచ్చాను. డేల్‌కు ఫోన్ చేయడం మర్చిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా చర్చి వంటగదిలో మగవాళ్ళం ఉల్లిపాయలు కోస్తున్నాం. ఈస్టర్ రోజు బిర్యానీ కోసం ఏటా జరిగే పనే. నా పక్కన ప్రవీణ్ ఉన్నాడు. ఖమ్మం కుర్రవాడు, మా షాపులోనే క్వాలిటీ ఇంజనీర్. ట్రావెలర్‌లో అన్ని గీతలూ నిండాయని చూసి, కారును బయటికి వదులుతూ రిలీజ్ సంతకం పెట్టేది అతనే. హెచ్-1బి వీసా మీద వచ్చాడు. భార్య స్వాతి, ఒకటో తరగతి చదివే కూతురు ఉన్నారు. షాపులో నన్ను సర్ అంటాడు, బయట అంకుల్ అంటాడు.

నేను కోసిన ముక్కలు వేళ్ళతో ఎత్తి చూసి అన్నాడు. “అన్నీ ఒకటే మందం ఉన్నయి అంకుల్. వీటికి కూడా ఇన్‌స్పెక్షన్ ఉందా ఏంది?”

“నీ ముక్కలైతే రిజెక్ట్ చేసేవాణ్ణి,” అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

“నిన్నటి కార్ మాత్రం రిజెక్ట్ చేయలేరు. ఐదున్నరకే రిలీజ్ చేసిన. గ్రెగ్ ఫుల్ హ్యాపీ.”

రీటార్క్ రీడింగులు ఎంత వచ్చాయని అడిగాను.

“మీరే కదా చూసింది? మీ సైన్ ఉంది. టెక్నీషియన్ బాక్స్ ఒక్కటి ఖాళీగా ఉంటే డేల్‌తో పెట్టించిన.”

డేల్ ఏమన్నాడని అడిగాను. ప్రవీణ్ నవ్వుతూ చెప్పాడు. పొద్దుటి షిఫ్ట్ వాడు పని చేసి సంతకం మరిచిపోయి ఉంటాడన్నాడట డేల్. పాస్టర్ ఆశీర్వదించిన కారుకు ఇంకేం తక్కువ అని కూడా అన్నాడట. షాపులో నన్ను వెక్కిరింపుగా పాస్టర్ అనేవాడు డేల్. నేను కాగితాల విషయంలో అంత కఠినంగా ఉంటానని.

అంటే రీటార్క్ ఎవరూ చేయలేదు. నా సంతకం చూసి ఇద్దరూ అయిపోయిందనుకున్నారు. నేను గీత ఖాళీగా వదిలిపెట్టి ఉంటే డేల్ చేసేవాడు. ఒక కాగితం మీద సంతకం లేకపోవడం కూడా ఒక పని చేస్తుంది, అది అడుగుతుంది. నేను ఆ అడిగే నోరు మూసేశాను.

మీరే కదా చూసింది అన్న ప్రవీణ్ మాటకు “అవును” అన్నాను. ఉల్లిపాయలు కోస్తూ ఉండిపోయాను.

ఆ కారు ఒహైయోలో ఒక క్లోరిన్ ప్లాంట్‌కు వెళుతోంది. ఏ గంటకైనా పలికే ఆ ప్లాంట్ ఫోన్ నంబరు నా పర్సులో ఉంది. ఒక్క ఫోన్ చేస్తే వాళ్ళు కారును పక్క పట్టాల మీద పెట్టేస్తారు. చేయలేదు. నింపేముందు వాళ్ళెలాగూ పరీక్షిస్తారని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. కాని మనుషులు చేసే పరీక్ష ఎలా తప్పిపోతుందో ఆ శుక్రవారం తర్వాత నాకంటే తెలిసినవాడు ఎవడూ లేడు. క్లోరిన్ గాలికంటే బరువు. బయటికొస్తే పైకి పోదు, నేలనంటుకుని పల్లానికి పాకుతుంది. పట్టాల పక్కన ఎక్కడెక్కడ ఇళ్ళుంటాయో, బడులుంటాయో మా వృత్తిలో అందరికీ తెలుసు.

ఈస్టర్ మధ్యాహ్నం బిర్యానీ ముందు కూర్చుని నేను తినకపోవడం నా భార్య మణి చూసింది. ఇంటికొచ్చాక జరిగిందంతా చెప్పాను. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు.

“ఆ ప్లాంటుకి ఫోన్ చేశారా?” అని అడిగింది.

లేదన్నాను.

“ప్రవీణ్‌కి చెప్పారా?”

లేదన్నాను.

“మరి నాకెందుకండీ చెబుతున్నారు?” అని లేచి వెళ్ళి గిన్నెలు కడుక్కుంది.

అప్పుడైనా ఫోన్ తీశాను. నంబరు కొట్టి, అవతల మోగకముందే పెట్టేశాను. పొద్దున్నే షాపు నుంచి, తెలిసినవాడితో, విషయం పెద్దది కాకుండా మాట్లాడదాం అనుకున్నాను.

సోమవారం ఆరింటికే షాపులో ఉన్నాను. అప్పటికే ఒహైయో నుంచి మెయిల్ వచ్చి ఉంది. ఆదివారం సాయంత్రమే కారు చేరింది. నింపేముందు పొడి గాలితో పరీక్షిస్తే వాయువు వాల్వుల్లో ఒకదాని అడుగున సబ్బు బుడగలు వచ్చాయి. నట్లు చూస్తే ఉండాల్సినంత బిగువు లేదు. కారును నింపకుండా పక్కకు పెట్టారు. ఒక్క చుక్క క్లోరిన్ కూడా అందులోకి వెళ్ళలేదు.

ఆ మెయిల్ మూడుసార్లు చదివాను. మూడోసారికి గానీ నమ్మకం కుదరలేదు. నా జీవితంలో అంత ఊరట ఇంకెప్పుడూ కలగలేదు. దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాను. వెంటనే వచ్చిన రెండో ఆలోచన కూడా దాచకూడదు. ఇక ఎవరికీ తెలియక్కర్లేదు అనుకున్నాను.

పదింటికి గ్రెగ్ మీటింగ్ పెట్టాడు. మానవ వనరుల విభాగం నుంచి ఒకావిడ, డేల్, ప్రవీణ్, నేను. బల్ల మీద ట్రావెలర్. డేల్ పొడి అక్షరాల పక్కన సాయంత్రం అయిదూ పది అని టైము ఉంది. నా సంతకం పక్కన టైము లేదు. ఆ రోజుల్లో ఇన్‌స్పెక్టర్ టైము రాయాలన్న నియమం మా కాగితంలో లేదు. గ్రెగ్ అడిగితే డేల్ ఉన్నదున్నట్టు చెప్పాడు. తాను రీటార్క్ చేయలేదు, ప్రవీణ్ అడిగితే ఖాళీ నింపాడు. ప్రవీణ్ కూడా అవునన్నాడు.

గ్రెగ్ దాన్నంతా తన మనసులో ఒక కథగా కూర్చుకున్నాడు. నా సంతకం ఉదయం మొదటి బిగింపుకు సంబంధించినదై ఉంటుందని అతని ఊహ. రీటార్క్ జరగలేదని తెలిసీ ప్రవీణ్ ఆరింటి ఇంజన్ కోసం ఖాళీ నింపించాడని అనుమానం. అతనికి నా మీద అంత నమ్మకం. నా వైపు తిరిగి, పై గీతలో పెట్టాల్సింది పొరపాటున కింది గీతలో పెట్టి ఉంటావు, అంతే కదా, అని అడిగాడు.

తల ఊపాను.

ఒక్క మాట మాట్లాడలేదు. తల ఊపడం అబద్ధం కాదని ఆ క్షణంలో నన్ను నేను నమ్మించుకోగలిగాను. ప్రవీణ్ నా వైపు చూశాడు. శనివారం రీడింగులు అడిగింది అతనికి గుర్తొచ్చి ఉంటుంది. గ్రెగ్ అతని బ్యాడ్జ్ తీసుకుని, బుధవారం నిర్ణయం చెబుతానన్నాడు. డేల్‌కు యూనియన్ ఉంది. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉంది. ప్రవీణ్‌కు ఏమీ లేదు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా దేశం విడిచిపోవాలి. ట్యాంక్ కార్ రికార్డు అబద్ధంగా నింపించాడన్న మాట ఫైల్లో పడ్డవాణ్ణి ఈ వృత్తిలో ఎవరూ తీసుకోరు. గ్రీన్ కార్డుకు కంపెనీ వేసిన అప్లికేషన్ అక్కడికక్కడే ఆగిపోతుంది.

పార్కింగ్‌లో ప్రవీణ్ తన కారు పక్కన నిలబడి ఉన్నాడు. నేను వెళ్ళాను. ఏం చెప్పాలనుకుని వెళ్ళానో నాకు తెలియదు. అతనే అడిగాడు.

“ఎన్నింటికి సైన్ చేసిన్రు అంకుల్?”

“పదీ యాభైకి.”

“మొదటి టార్క్ ఎన్నింటికి అయింది?”

“తొమ్మిదిన్నరకి.”

అతను కాసేపు లెక్క కట్టుకుంటున్నట్టు నేల చూశాడు. లెక్క అంత కష్టమైనదేం కాదు.

“బాక్స్ ఖాళీగా ఉంటే కార్ ఆపాలి. అది నా తప్పే, నేను ఒప్పుకుంట. కాని వేరేవాళ్ళ సైన్ అయితే ఆపేవాణ్ణి. మీది కాబట్టి ఆపలే. మా నాన్నని క్వశ్చన్ చేసినట్టు అనిపిస్తది.” తలుపు తెరిచాడు. “స్వాతికి ఇంకా చెప్పలే. ఇప్పుడు ఇంటికెళ్ళి ఏం చెప్పాలె, మీరే చెప్పండి.”

నేను సాయంత్రం దాకా ఆగమన్నాను. ఎందుకని అడిగాడు. తప్పు అతని ఒక్కడి మీద పడదని చెప్పాను. అతను నమ్మినట్టు లేదు. తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

అక్కడి నుంచి నేరుగా గ్రెగ్ గదికి వెళ్ళాను. దారిలో ఎవరో పలకరిస్తే ఆగలేదు, ఆగితే మళ్ళీ ఒక కారణం దొరికేది. తలుపు వేసి చెప్పాను. పదీ యాభైకి, జరగని పనికి సంతకం పెట్టాను. డేల్‌కు ఫోన్ చేస్తాననుకుని మర్చిపోయాను. శనివారం మధ్యాహ్నమే నాకు తెలిసింది, రెండు రోజులు నోరు మూసుకున్నాను. పొద్దున మీటింగులో తల ఊపింది అబద్ధం.

గ్రెగ్ ట్రావెలర్ తీసి నా సంతకం మళ్ళీ చూశాడు. నాతో పద్నాలుగేళ్ళు పనిచేసినవాడు. కోప్పడి ఉంటే తేలికగా ఉండేది. చివరికి, ఇలా ముందే పెట్టడం ఇది మొదటిసారేనా అని అడిగాడు.

ఈ ప్రశ్నకు అవునంటే నా తప్పు ఒక్క కారుతో ఆగిపోతుంది. కాదంటే ఎక్కడిదాకా పోతుందో తెలియదు. కాదన్నాను. ఎన్నిసార్లని అడిగాడు. తెలియదన్నాను. అప్పుడు అతను కుర్చీలో వెనక్కి వాలి, తనతో ఇంతసేపూ మాట్లాడిన మనిషిని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. తెల్ల కాగితాలు, పెన్ను నా ముందుకు తోసి, చెప్పిందంతా రాయమన్నాడు. మూడు పేజీలు రాశాను. అన్ని పేజీల మీదా తేదీ, టైము వేశాను.

ఆ సాయంత్రమే ప్రవీణ్‌కు బ్యాడ్జ్ తిరిగి ఇచ్చారు. ఖాళీ గడి ఉన్న కారును ఆపనందుకు ఒక హెచ్చరిక ఉత్తరం ఇచ్చారు. రికార్డు మార్పించాడన్న మాట అందులో లేదు. అప్లికేషన్ ఆగలేదు. డేల్‌కు మూడు రోజుల సస్పెన్షన్. జరిగినది కంపెనీ కస్టమర్‌కు, రైలు భద్రత చూసే ప్రభుత్వ శాఖకు తానుగా తెలియజేసింది. నా ఇన్‌స్పెక్షన్ ముద్ర తీసేసుకుని నన్ను టెక్నీషియన్‌గా వేశారు. అంటే, మళ్ళీ రెంచ్ పట్టుకునే పని. ఉద్యోగం తీసేస్తారనుకున్నాను, తీసేయలేదు. ఇంటికొచ్చి మణికి చెబితే, ప్రవీణ్ వాళ్ళింట్లో ఈ రాత్రి అన్నం తింటారు, మీరూ తినండి అంది. ఆ రోజు తిన్నాను.

పాస్టర్ గారికి కూడా చెప్పాను. చర్చిలో ఇక మాట్లాడే వంతు నాకు వద్దన్నాను. ఆయన క్షమాపణ గురించి చాలా మంచి మాటలు చెప్పారు. విన్నాను. కాని నేను సంతకం పెట్టి పంపిన కార్లు అప్పటికింకా పట్టాల మీద తిరుగుతున్నాయి. వాటి నట్లను క్షమాపణ బిగించదు.

వాటిని వెతకడానికి అనుమతి అడిగాను. గ్రెగ్ ఇచ్చాడు. ఏయే రోజుల్లో త్వరగా వెళ్ళానో షాపు గేటు రికార్డులో ఉంటుంది, ఏయే కార్లు ఆ రోజు ఆఖరి గీత దాకా వచ్చాయో ట్రావెలర్లలో ఉంటుంది. క్రిస్మస్ కార్యక్రమాల రిహార్సళ్ళు, మా అమ్మాయిని కాలేజీలో దింపిన రోజు, కంటి డాక్టరు అపాయింట్‌మెంట్లు. ఒక్కో తేదీ పక్కన ఒక్కో కారు నంబరు రాస్తూ పోయాను. కొన్నింటికి డేల్‌తోనో, ఇంకెవరితోనో ఫోన్‌లో చేయించిన గుర్తుంది. గుర్తు ఉండటం రుజువు కాదు కాబట్టి వాటినీ వదలలేదు. మొత్తం పదిహేడు కార్లు తేలాయి.

అన్నీ ఒకచోట ఉండవు. నిండుగా ఉన్న కారు మీద రెంచ్ పెట్టకూడదు. ఒక్కోటి ఖాళీ అయ్యి, ఒత్తిడి దిగి, యజమాని ఒప్పుకునే దాకా ఆగాలి. కొన్ని మా షాపుకే వచ్చాయి. మిగతావాటి దగ్గరకు నేనే వెళ్ళాను. ఒహైయోకు, ఇండియానాకు, దక్షిణాన లూసియానా దాకా. నా రిటైర్మెంట్ నాటికి ముగుస్తుందో లేదో అన్నట్టు సాగింది. నేను టెక్నీషియన్‌ని కాబట్టి పక్కన చూసి సంతకం పెట్టేవాడు ఒకడు కావాలి. గ్రెగ్ ఆ పని ప్రవీణ్‌కు అప్పగించాడు. అతను వద్దనలేదు, సరేనని కూడా ఉత్సాహంగా అనలేదు.

ప్రయాణాల్లో మేం పెద్దగా మాట్లాడుకోలేదు. షాపులో సర్ అనడం ఆపేశాడు. అంకుల్ అనడం మాత్రం ఆపలేదు. ఒకసారి ఇండియానాలో హోటల్ టిఫిన్ దగ్గర, వాళ్ళ అమ్మాయి చదివే బడి గురించి తానే చెప్పాడు. నేను అడిగిన ప్రశ్నలకు జవాబిచ్చాడు. దాన్ని అంతకంటే ఎక్కువగా నేను లెక్కవేసుకోలేదు.

పదిహేడింటిలో పదిహేను కార్ల నట్లు సరిగ్గా ఉన్నాయి. రెండింటిలో ఒకటీ రెండూ నట్లు వదులయ్యాయి, కారడం మాత్రం లేదు. ఆ రెండూ అలా ఎన్ని ఊళ్ళు దాటి వెళ్ళాయో రికార్డులో చూసి కాగితం మీద రాసుకున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. అది నా జాగ్రత్త వల్ల కాదు.

షాపులో ట్రావెలర్ మార్చారు. ఇప్పుడు ఆఖరి గీతలో ప్రతి నట్టుకూ రీడింగు అంకె వేసే గడి ఉంది, అంకెలు పడందే సంతకం చోటు రాదు. ఇన్‌స్పెక్టర్ కూడా టైము వేయాలి. కొత్తవాళ్ళకు ఆ కాగితం నేర్పేటప్పుడు, అది ఎందుకు మారిందో నా పేరుతో సహా చెప్పమని గ్రెగ్‌ను అడిగాను. రిటైరయ్యే దాకా ఆ క్లాసు నేనే చెప్పాను. ఎవరైనా అడిగితే తల ఊపిన సంగతి కూడా చెప్పేవాణ్ణి. నేను నేర్చుకున్నదీ అక్కడ చెప్పినదీ ఒక్కటే. పెద్దరికం, అనుభవం, మంచి పేరు ఇవేవీ నట్టును బిగించవు. పైగా, పక్కవాళ్ళు చూడటం మానేసేలా చేస్తాయి.

పదిహేడో కారు లూసియానాలో దొరికింది. ఎండ మండిపోతున్న మధ్యాహ్నం, పైన ఉక్కు పట్టుకుంటే గ్లవ్స్ లోంచి కూడా చురుక్కుమంది. ఒక్కో నట్టునూ రెంచ్‌తో చూసి, అంకె బిగ్గరగా చదివాను. ప్రవీణ్ రాసుకున్నాడు. అన్నీ సరిగ్గా వచ్చాయి. అయిపోయిందన్నాను. అతను కాగితం క్లిప్‌బోర్డుకు పెట్టి, నా చేతిలోంచి రెంచ్ తీసుకుని, మొదటి నట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. చివరిదాకా తానే చూశాడు. ఈసారి అంకెలు నేను రాశాను. రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి పోల్చుకుని, గడియారం చూసి, టైము వేసి, అప్పుడు సంతకం పెట్టాడు.